లెక్కలోకి రాని రెండు రోజులు

లెర్విక్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
వంటింటి బల్లమీద రెండు పాస్‌పోర్టులు,
ఒకటి నాది, రెండోదీ నాదే, గడువు తీరింది.
మాగ్నస్ కళ్ళద్దాలు నుదుటికెక్కించి
ముద్రల్ని దీపానికి దగ్గరగా పట్టాడు.
"ఇది నాలుగో నెలా, తొమ్మిదో నెలా?"
కుటాయిసి విమానాశ్రయంలో ఆ ముద్ర వేసినమ్మాయి
ఆవలిస్తూ వేసింది. అది గుర్తుంది.
ఆవలింతకి తేదీ ఉండదు కదా.

ఈ ఐదేళ్ళలో దేశం బయట ఎన్ని రోజులున్నారు?
ఫారం మర్యాదగానే అడుగుతుంది.
మర్యాదగా అడిగితేనే నాకు చెమట పడుతుంది.
పోయిన తేదీ, వచ్చిన తేదీ, కారణం.
కారణానికిచ్చిన గడి నా బొటనవేలంత.
అందులో నూట అరవై మూడు రోజుల్ని మడిచి పెట్టాలి.

అక్క లేలాకి ఏడో నెలలోనే పుట్టిన పిల్ల,
దోసెడు హేజల్‌నట్ల బరువు.
అక్క జ్వరంలో కాలిపోతుంటే
స్వెట్టర్ లోపల, చర్మానికి చర్మం ఆనించి
రాత్రంతా నేనే మోశాను.
నా గుండె చప్పుడు వింటూ దాని గుండె నడక నేర్చుకుంది.
"కుటుంబ సందర్శన" అని రాశాను గడిలో.
అబద్ధం కాదు.
సముద్రాన్ని తడి అనడం కూడా అబద్ధం కాదు.

పాప బాప్తిస్మం దాకా ఉండమంది అక్క,
ఇంకో తొమ్మిది రోజులు, అంతే.
జేబులో చిల్లర తడుముకున్నట్టు
రోజుల్ని తడుముకుని, వద్దన్నాను.
ఆమె ఏమీ అనలేదు. దారికి రొట్టె కట్టిచ్చింది.

వెళ్ళిన తేదీ మాత్రం ఎక్కడా దొరకలేదు.
ఫోన్ మారింది, టికెట్టు పోయింది.
చివరికి గట్టుకవతలింటి బార్బరా
తన గొర్రెల నోటుబుక్కు తెచ్చింది,
పేడ మరకలూ ఉన్ని వాసనా.
"ఏప్రిల్ పదకొండు. వడగళ్ళు.
నల్లదానికి కవలలు, ఒకటి దక్కలేదు.
నెస్తాన్ వెళ్ళింది. తాళంచెవి నా దగ్గరుంది."
అన్నీ వరసగా, ఒకే పెన్సిలుతో.
నేను లేకపోవడం కూడా
ఒకరు రాసిపెట్టుకునే సంగతేనని
ఆ సాయంత్రం తెలిసింది.

నిబంధన ఒకటుంది:
బయల్దేరిన రోజూ తిరిగొచ్చిన రోజూ లెక్కలోకి రావు,
ఆ రెండు రోజులూ ఇక్కడున్నట్టే.
మాగ్నస్ దాన్ని శుభవార్తలా చదివాడు.
నాకు నవ్వొచ్చింది.
నిజంగా నేనెక్కడా లేని రోజులు ఆ రెండే.
ఫెర్రీ పైడెక్కు మీద, చల్లారిన టీతో,
ఏ భాషలో విసుక్కోవాలో తెలియని రోజులు.

మిగిలిన రోజుల్లో, జుగ్దీదిలో,
పొద్దున్నే ఫోన్లో చూసేదాన్ని
షెట్లాండ్‌లో గాలి ఎంత జోరుగా ఉందో.
ఇక్కడ ఎండగానే ఉంది కదే, అనేది అక్క.

రెండో కప్పు టీ దగ్గర అన్నాను:
"నీవి కూడా కూడుదాం."
"నావెందుకు?"
"ఊరికే."
సరఫరా ఓడ మీద మూడు వారాలు, ఇంట్లో మూడు వారాలు.
నార్వే నీళ్ళు, డెన్మార్క్ రేవులు.
పెన్సిలు ములుకు రెండుసార్లు విరిగింది.
నావి రెండు వందల పద్దెనిమిది.
అతనివి తొమ్మిది వందలు దాటాయి.
ఇక్కడ పుట్టినవాడు
ఎంత దూరం పోయినా ఇంట్లో ఉన్నట్టే.

తీసివేత చేశాక
ఇద్దరం ఒకే కప్పు కింద పడుకున్నవి
ఎనిమిది వందల చిల్లర.
ఆ మాట ఏ ఫారమూ అడగలేదు.
అడిగుంటే ఏం రాసేవాళ్ళమో.

అతను కాగితం బోర్లించాడు.
వెనకాల ఏదో రాశాడు, చూపించలేదు.
లేచి కెటిల్ మళ్ళీ పెట్టాడు.
కిటికీ బయట బార్బరా టార్చి
గట్టుమీద అటూ ఇటూ కదులుతోంది,
గొర్రెల్ని లెక్కపెట్టుకుంటోంది.
ఒకటి తగ్గినట్టుంది,
మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.